పాలకొల్లు కాలువ మీద ఇరవై ఒక్క కట్టల చెరకు

సామర్లకోట దగ్గర సర్కారువారి చెరకు ప్రయోగ క్షేత్రంలో నేను రెండేళ్లు గుమాస్తాగా పనిచేశాను. ఏ మడిలో ఏ రకం వేశారు, ఎన్ని గడలకు ఎర్రకుళ్లు పట్టింది, ఎన్ని నిలబడ్డాయి అని పుస్తకంలో రాసుకోవడం, దాన్నే మంచి దస్తూరీతో ఇంకో పుస్తకంలోకి ఎక్కించి మద్రాసు పంపడం నా ఉద్యోగం. మన గోదావరి జిల్లాలో చెరకు వేసిన రైతు ఈ మధ్య సుఖంగా నిద్రపోయింది లేదు. పైకి నిగనిగలాడే గడను చీలిస్తే లోపల ఎర్రటి మచ్చలు, పులిసిన కల్లు వాసన. ఆ రసాన్ని ఎంతసేపు కాచినా బెల్లం ముద్ద కట్టదు. మా క్షేత్రంలో మాత్రం ఓడలో వచ్చిన ఊదారంగు చారల చెరకు ఒకటి ఆ తెగులుకు లొంగకుండా నిలబడింది. ఆ సంగతి మద్రాసుకు తెలుసు, నా పుస్తకానికి తెలుసు. కంచె అవతల నిలబడి చూసిపోయే రైతుకు మాత్రం తెలియదు.

ఒకరోజు అలా కంచె అవతల నిలబడిన మనిషి పేరు వీర్రాజు గారు. పాలకొల్లుకు ఇవతల కాలువగట్టు మీది ఒక చిన్న ఊరి రైతు. మూడేళ్లుగా తోట కుళ్లిపోతుంటే, ఇక్కడేదో మంచి చెరకు ఉందని విని అంత దూరం వచ్చారు. నేను మడి పక్కన నిలబడి రాసుకుంటుంటే చాలాసేపు చూసి, "రాసుకుంటున్నారు కదండీ, అది నాకు చదివి వినిపిస్తే నా తోట బతుకుతుందాండీ?" అని అడిగారు. వెటకారంగా అడగలేదు, నిజంగానే అడిగారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదని రాస్తే అబద్ధమవుతుంది, నేను పడుకుంటే లేపడం కష్టం. కానీ పొద్దున లేచేసరికి ఆ మాట అలాగే ఉంది. ఆ ఏడాది చివర ఉద్యోగం మానేశాను. తెగులు లేని విత్తనపు చెరకు, దాన్ని ఎలా నాటాలో చెప్పే అచ్చుకాగితం, రెండూ కలిపి రైతు ఇంటికి చేర్చడమే నా కొత్త వ్యాపారం. మొదటి గిరాకీ వీర్రాజు గారే. ఈ ప్రయాణం ఎందుకు మొదలైందంటే అందుకు.

కిందటేడు మాఘమాసంలో క్షేత్రంవారు ఇరవై ఒక్క కట్టల విత్తనపు చెరకు ఇచ్చారు. కట్టకు ఇరవై గడలు. మళ్లీ ఇచ్చేది ఏడాది తరవాతేనని ముందే చెప్పారు. రైలులో వాటిని రాజమండ్రికి తెచ్చి, చీమలు పట్టకుండా ప్రతి గడకూ కోసిన చివర్లకు పసుపు రాయించాను. తడి అరటాకులు చుట్టించాను. అన్నీ సవ్యంగా చేశానని మురిసిపోతుండగా అచ్చాపీసులో నా కాగితాలు ఇంకా ఆరలేదని కబురొచ్చింది. ఆ కాగితం మీద నాకు మహా మమకారం. ఎనిమిది అంశాలు, అంశానికి ఒక అంకె, చుట్టూ పూలతీగ అంచు. దాన్ని వదిలి వెళ్లడానికి మనసొప్పలేదు. చెరకు వాడిపోతుందేమోనని దాన్ని ముందు పంపి, కాగితాల కోసం నేను ఆగిపోయాను. ఇంతకన్నా తెలివితక్కువ పని నేను అంతకుముందు చేయలేదు, ఆ తరవాత కూడా ఇంకా చేయలేదు.

ధవళేశ్వరం రేవులో పడవ సరంగు పెంటయ్యకు చెరకు అప్పజెప్పి, "రాజమండ్రి నుంచి తెచ్చానని చెప్పి వీర్రాజు గారింట్లో దించు. నేను రేపు వెనకాలే వస్తాను" అన్నాను. ఉత్తరం ముక్క కూడా ఇవ్వలేదు. రాయాల్సిందంతా అచ్చుకాగితంలో ఉందిగా మరి.

మర్నాడు తెల్లవారుజామున తడి ఆరిన కాగితాల మూటతో బయల్దేరాను. మీలో ఎవరైనా ఈ దారిన వెళ్లదలిస్తే, రాజమండ్రిలో కోటిపల్లి బస్తీ వైపు నుంచి ధవళేశ్వరానికి జట్కా మూడణాలకు వస్తుంది. ఐదింటికి ఎక్కితే ఆరు గంటల పడవ అందుతుంది. జట్కావాడు నాలుగడుగుతాడు, మీరు నడుస్తానని రెండడుగులు వేస్తే మూడుకు దిగుతాడు. పడవ ఆనకట్టకు పైన గోదావరిని దాటి విజ్జేశ్వరం లాకులోకి వెళుతుంది. పాలకొల్లు దాకా మనిషికి ఆరణాలు. నడిచేది తాడు మీద. గట్టు మీద ఇద్దరు మనుషులు తాడు లాగుతూ నడుస్తారు, గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తి వాళ్లూ ఎక్కి కూర్చుంటారు. తొందరున్నవాళ్లు ఈ పడవ ఎక్కవద్దు. తొందరలేని వాళ్లకు ఇంతకన్నా హాయైన ప్రయాణం నాకు తెలిసి మరొకటి లేదు.

లాకు అంటే నాకు చిన్నప్పటి నుంచీ సరదా. పడవ లోపలికి వెళ్లాక వెనక తలుపులు మూస్తారు, నీళ్లు దిగుతాయి, గోడలు మెల్లగా పైకి లేస్తున్నట్టుంటుంది. ఇందాక మనకు సమానంగా ఉన్న గట్టు మీది మనిషి చూస్తుండగానే మన నెత్తిమీదికి వెళ్లిపోతాడు. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి దేవుళ్లందరినీ తలుచుకుంటుంటే నేను మాత్రం చప్పట్లు కొట్టేటంత సంబరపడ్డాను. లాకు దాటితే రెండు వైపులా కోతలయిపోయిన చేలల్లో మినుము పచ్చగా అల్లుకుని ఉంది. గడ్డివాములు, వాటి మీద ఎండబెట్టిన చీరలు, నీళ్లలోకి వంగి బిందెలు ముంచుతున్న ఆడవాళ్లు. మధ్యాహ్నం కాకరపర్రులో పడవ ఆపితే గట్టు పక్కనే ఒక పూటకూళ్లమ్మ ఇంట్లో భోజనం చేశాను. రెండణాలు. ఆవపెట్టిన పనసపొట్టు కూర మూడుసార్లు వడ్డించుకున్నాను. నాలుగోసారి విస్తరి చూపిస్తే ఆవిడ, "బాబూ, ఇంకా పడవ దిగాల్సినవాళ్లు ఉన్నారండి. మీరు ఇల్లరికం వచ్చినట్టు తింటున్నారు" అంది. మాఘఫాల్గుణాల్లో వెళ్లేవారు ఆ కూర వదలకండి, కానీ నాకన్నా ముందు పడవలో వెళ్లండి.

ఆ రాత్రి పడవలోనే పడుకుని, పొద్దున మార్టేరు లాకు దగ్గర మొహం కడుక్కుంటుంటే ఎదురుగా ఖాళీ పడవ ఎగువకు వస్తూ కనిపించింది. పెంటయ్య పడవే. వాడి ఒంటిమీద కొత్త పంచె, నెత్తికి కొత్త తువ్వాలు.

"అప్పగించానండీ బాబుగారూ!" అని అంత దూరం నుంచే అరిచాడు. "ఎంత మర్యాద చేశారనుకున్నారు! కాళ్లకు నీళ్లిచ్చారండి. పంచెల చాపు పెట్టారండి. గారెలు వండి పెట్టారండి!"

"చెరకు తెచ్చినందుకే?" అన్నాను.

"ఆయ్! కట్టలు చూడగానే ఆ పెద్దావిడ మొహం వెలిగిపోయిందండి. వీధంతా వచ్చి చూశారండి!"

పాఠకులారా, ఆ క్షణాన నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను. సర్కారువాళ్లు ఏళ్ల తరబడి చేసిన ప్రయోగానికి రైతు ఇంట్లో ఇంత గౌరవమా! విత్తనం మోసుకొచ్చిన సరంగుకే పంచెలు పెడితే, దాన్ని కనిపెట్టి తెస్తున్న నాకు ఏం చేస్తారో అనుకున్నాను. కనిపెట్టింది నేను కాదు, రాసుకున్నవాణ్ని మాత్రమే. అయినా పడవలో ఒక్కడినీ కూర్చుని అంతవరకూ వెళ్లిపోయాను. పూలదండ కూడా ఊహించుకున్నాను.

పగలు పదకొండు గంటలకు ఆ ఊరి రేవులో దిగాను. ఊరి పేరు రాయవద్దని అక్కడివాళ్లు మరీమరీ చెప్పారు, ఎందుకో మీకే తెలుస్తుంది. రేవు మెట్ల మీద చెరకు పిప్పి. వీధిలో పిప్పి. అరుగుల మీద కూర్చున్న పెద్దవాళ్లు నములుతున్నారు, నూతి దగ్గర ఆడవాళ్లు నములుతూనే చేదుతున్నారు. ఈ ఊళ్లో చెరకు లేదన్నారే, ఎవరిదో తోట బాగానే పండినట్టుందే అనుకుంటూ, ఎండలో కాగితాల మూట భుజాన వేసుకుని వీర్రాజు గారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను.

వాకిట్లో గోడ పక్కన బెల్లం వండే పెద్ద ఇనుప పెనం బోర్లించి ఉంది. దానికింద కోళ్లు కాపురం పెట్టాయి. వీర్రాజు గారు ఇంట్లో లేరు, ముందురోజు పొద్దున్నే పాలకొల్లు వెళ్లారట. ఆయన తల్లి మంగమ్మ గారు ఎదురొచ్చారు. అరవై దాటిన మనిషి, నడుం బిగించి కట్టిన చీర, గొంతు మాత్రం కాలువ అవతలి గట్టుకు వినబడుతుంది.

"రండి బాబూ, కూర్చోండి. ఎండలో పడి వచ్చారు, ముందు నోరు తడుపుకోండి" అని, చెక్కు తీసి ముక్కలు కోసిన చెరకు ఇత్తడి పళ్లెంలో పెట్టి ఇచ్చారు.

ఆకలి మీద ఉన్నాను. ఒకటి నోట్లో వేసుకున్నాను, తరవాత ఇంకోటి. "ఎంత తియ్యగా ఉందండీ! పీచే లేదు, నోట్లో వేస్తే రసమే. ఇది ఏ ఊరి చెరకండీ?" అన్నాను.

"మా వియ్యాలవారిదండి. మా మనవడి పెళ్లయి పది రోజులైంది. రాజమండ్రి నుంచి నిన్ననే సారె పంపారు. పెళ్లికూతురి వాళ్లు చెరకు పంపడం మేమెక్కడా చూళ్లేదు గానీ, పట్నం వాళ్ల పద్ధతులు మనకేం తెలుస్తాయండీ? ఇరవై ఒక్క కట్టలు! ప్రతి గడకీ అటూ ఇటూ పసుపు రాసి మరీ పంపారు. అంత మర్యాదైన మనుషులు!"

నోట్లో ఉన్నది మింగాలో ఉమ్మాలో నాకు తెలియలేదు. రెండేళ్లు రోజూ చూసిన చెరకు, చెక్కు తీసి పళ్లెంలో పెడితే పోల్చుకోలేకపోయాను. పైగా మెచ్చుకున్నాను. "మిగిలినవి ఎక్కడున్నాయండీ?" అని అడిగాను.

"మిగలడమేంటండీ? సారె ఇంట్లో నిలవ పెట్టుకుంటామా? ఇంటికి రెండేసి గడలు, ఊరంతా పంచేశాం" అన్నారామె, నన్ను జాలిగా చూస్తూ.

సరిగ్గా అప్పుడు వీర్రాజు గారు గుమ్మంలోకి వచ్చారు. నన్ను చూసి మొహం విప్పారింది. "వచ్చారా పంతులుగారూ! విత్తనం తెచ్చారా?" అన్నారు. నేను పళ్లెం వైపు చూశాను. ఆయనా చూశారు. నా నోటమ్మట వచ్చిన నాలుగు ముక్కలతోనే ఆయనకు సంగతంతా అర్థమైపోయింది.

"అమ్మా, అది సారె కాదే! నేను చెప్పిన విత్తనం అదే!"

మంగమ్మ గారు కత్తిపీట పక్కకు తోసేశారు. వీర్రాజు గారు వెళ్లి బోర్లించిన పెనం మీద కూర్చున్నారు. కోళ్లు కిందినుంచి గోలపెట్టాయి. ఆయన పాలకొల్లు వెళ్లింది ఆ పెనం కోసమేనట. ఈ ఏడు కూడా తోట లేవకపోతే పెనాన్నీ గానుగనూ ఇనుప సామాన్ల వర్తకుడికి ఇచ్చేసి చెరకు మాటే మరిచిపోదామని ఆయన ఆలోచన. విత్తనం వస్తోంది, పున్నమి దాకా ఆగమని అతనికి చెప్పి వచ్చారు. "మా నాన్న చేయించిన పెనమండి ఇది" అన్నారు. "పున్నమి వెళ్లగానే బండి వేసుకొస్తానన్నాడు. రానివ్వండి. పోతే పోయింది." ఆ మాట ఆయన నా మీద కోపంతో అని ఉంటే బాగుండేది. నెమ్మదిగా అన్నారు. ఏడాది దాకా క్షేత్రం నుంచి ఒక్క గడ రాదు.

"మిగిలి ఉంటే ఇళ్లకు వెళ్లి అడుగుదామండీ" అన్నాను.

"పంచిన సారె వెనక్కి అడగడమా!" తల్లీ కొడుకూ ఇద్దరూ ఒకేసారి అన్నారు. కొత్త కోడలు గుమ్మం తొక్కకముందే అలాంటి పని చేస్తే ఆ పిల్ల కాపురానికి మంచిది కాదట. పోనీ నేను అడుగుతానంటే, మీరు మా ఇంటికొచ్చిన చుట్టం, మీరడిగితే మేమడిగినట్టే అన్నారు మంగమ్మ గారు.

ఏం చేయాలో తోచక నా కాగితాల మూట విప్పాను. తోచనప్పుడు కాగితం చదవడం గుమాస్తాలకు పుట్టుకతో వచ్చే జబ్బు. పూలతీగ అంచు, ఎనిమిది అంశాలు. రెండో అంశం దగ్గర ఆగిపోయాను. "ముచ్చెలు గడ మొదటినుండి తీయరాదు. లేతదగు కొసభాగమే నాటుటకు శ్రేష్ఠము." రాసింది నేనే, అచ్చు తప్పులు దిద్దింది నేనే. ముచ్చె అంటే తెలుసుగా, నాటడానికి కోసిన మూడు కళ్ల ముక్క. కంటి నుంచే మొలక వస్తుంది. క్షేత్రంలో రెండేళ్లు పోల్చి చూస్తే కొసల నుంచి తీసిన ముచ్చెలే అన్నిటికన్నా బాగా మొలిచాయి.

"అమ్మా, కొసలు ఏం చేశారండీ?" అని అరిచాను.

"ఏ కొసలు?"

"గడ పైకొసలు! తిన్నారా?"

"వాటినెవరు తింటారండీ, చప్పగా ఉంటాయి. నరికి గేదెలకి పడేశాం. అందరూ అంతే" అంటూ, ఆమె మాట మధ్యలోనే ఆగిపోయారు. ఆ మనిషి బుర్ర ఎంత చురుకైనదంటే, నేను వివరించాల్సిన అవసరమే రాలేదు. "ఉండండి బాబూ. కొసలు చాలా?"

"చాలడం కాదండీ, అవే మంచివి!"

"అయితే అది సారె కాదు. పారేసిన మేత. సారె అడగకూడదు గానీ మేత అడిగితే తప్పేంటి? వరదొచ్చిన ఏడు గడ్డి కోసం ఎవరి గుమ్మం ఎవరెక్కలేదు?" అని గంప చంకనెత్తుకుని వీధిలోకి వెళ్లిపోయారు.

నేనూ వీర్రాజు గారూ వెనకాలే పరిగెత్తాం. పక్కింటి సూరమ్మ గుమ్మం ముందు మంగమ్మ గారు గంప దించి, "ఏమే సూరమ్మా, మా గేదె నిన్నటి నుంచి మేత ముట్టట్లేదే. చెరకు కొసలుంటే పడెయ్యవే" అన్నారు.

సూరమ్మ గోడ మీంచి ఇటు చూసింది. మంగమ్మ గారి గేదె గడ్డివామిలో మెడదాకా తల దూర్చి నములుతోంది. "అది వామినే మింగేస్తోంటే మేత ముట్టట్లేదంటావేంటి పిన్నీ? అసలు సంగతి చెప్పు" అంది.

అసలు సంగతి చెప్పక తప్పలేదు. సూరమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి, నవ్వు ఆగకుండానే పాకలోకి పరిగెత్తింది. అక్కడినుంచి కబురు మాకన్నా ముందు నడిచింది. ఏ వీధికి వెళ్లినా మా కంటే ముందే జనం గేదెల ముందునుంచి కొసలు లాగేస్తున్నారు. ఒకాయన గేదె నోట్లోంచి సగం కొస పీకుతూ, "వదలవే, అది విత్తనమే" అని దాన్ని బతిమాలుతున్నాడు. ఒకావిడ పెంటకుప్ప మీద వెతికింది. ఇంకొకావిడ తన కొస నూతి పక్కన తడిమట్టిలో గుచ్చిందట, ఊరికే, పచ్చగా ఉందని. చివరి వీధిలో ఒక ముసలాయన అసలు గడలే ఇచ్చారు. పళ్లు లేవు, ఎవరికైనా పెడదామని దాచానన్నారు. మేం తీసుకోకపోతే, "సారె వెనక్కిస్తున్నానా? నా గేదె మేత ఇస్తున్నాను, దానికి కోపం రాకుండా నేను చూసుకుంటాను" అని గంపలో పడేశారు.

సాయంకాలానికి వీర్రాజు గారి వాకిట్లో కొసల గుట్ట లేచింది. సగానికి సగం గేదెల పాలయ్యాయి. అయినా కాలువ పక్కనున్న చిన్న మడి నాటడానికి సరిపోతాయి, ఆ మడి లేస్తే మరుసటేడు తోట మొత్తానికి విత్తనం అవుతుంది. ఊరంతా చుట్టూ కూర్చుంది. నేను కత్తి తీసుకుని గంపకు ఒక కొస చొప్పున నిలువునా చీల్చి లోపల చూపించాను. తెల్లగా, తడిగా ఉంది. ఎక్కడా ఎర్ర మచ్చ లేదు. చీల్చినప్పుడల్లా జనం ముందుకు వంగారు, తెల్లగా కనబడగానే హమ్మయ్య అన్నారు. మూడేళ్లుగా ఎర్రగా చూసి చూసి ఉన్న కళ్లు కదా. వీర్రాజు గారు ఆ చీల్చిన ముక్క చేతిలోకి తీసుకుని వాసన చూశారు. ఆ ముక్కను జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున నాటాం. చాళ్లు తీసి, బురద చేసి, కళ్లు పక్కలకు వచ్చేటట్టు ముచ్చె పడుకోబెట్టి తొక్కాలి. నేను మోకాలి లోతు బురదలో నిలబడి చూపిస్తుంటే పదిమంది ఆడవాళ్లు నా కన్నా రెట్టింపు వేగంతో నాటేశారు. నా కాగితాలు పంచబోతే సూరమ్మ, "అదెందుకండీ? మీరు నోటితో చెబుతున్నారు, మేం చేత్తో చేస్తున్నాం. మళ్లీ మొక్క లేచాక ఒకసారి, గడ కట్టాక ఒకసారి వచ్చి చీల్చి చూడండి. ఏ గడ మంచిదో చెప్పండి. దానికి ఇమ్మన్నది ఇస్తాం" అంది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఔనౌనన్నారు. ఊరంతా ఆ చెరకు రుచి చూసి ఉంది, ప్రతి ఇంటికీ ఆ విత్తనం కావాలి. రెండేళ్లు రాసినదాన్ని ఎలా అమ్మాలో నాకు తెలియలేదు. రెండు గడలు నమలడంతో ఊరంతా కొనడానికి సిద్ధపడింది. వాళ్లకు కావలసింది కాగితం కాదు, చెరకు వెంట వచ్చే మనిషి.

ఆ మధ్యాహ్నమే అసలు సారె పడవ రేవుకొచ్చింది. లడ్డూలు, అరిసెలు, జంతికలు, అరటి గెలలు. వియ్యాలవారి మనుషులు గంపలు దించగానే రేవులోనే ఎవరో, "ఆగండాగండి! పంతులుగారు చీల్చి చూడాలి, నాటేవేమో!" అని అరిచారు. నవ్వులతో కాలువ మోగిపోయింది. పాపం ఆ రాజమండ్రి వాళ్లకు ఏమీ అర్థం కాక, తమ లడ్డూల్లో ఏం లోపం కనబడిందోనని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు కూడా ఊరివాళ్లతో పాటు ఒక వాటా వచ్చింది. కాగితాలు కూడా వృథా పోలేదు, మంగమ్మ గారు జంతికలు వాటిల్లోనే పొట్లాలు కట్టి ఊరంతా పంచారు. పూలతీగ అంచు పొట్లానికి బాగా నప్పింది.

తిరుగు ప్రయాణంలో పడవ ఎగువకు నడుస్తుంది కాబట్టి మరో పూట ఎక్కువ పట్టింది. తాడు లాగేవాళ్ల వెంట గట్టు మీద కాసేపు నడిచాను. రెండేళ్లు నేను చేసింది చిన్నపనేమీ కాదు, ఎవరో ఒకరు జాగ్రత్తగా రాయకపోతే కొసల సంగతి నాకైనా తెలిసేది కాదు. కానీ ఆ అక్షరం ఒక కత్తిపీట దగ్గరికీ ఒక గేదె ముందుకీ వెళ్లేదాకా దానికి ప్రాణం రాలేదు. దాన్ని అక్కడికి చేర్చింది నా తెలివి కాదు, నా పొరపాటు, మంగమ్మ గారి గంప. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, ఆ రెండు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒక్కడినే నవ్వుకుంటాను. ఇప్పుడు ఆ కాలువ మీద ఏడు ఊళ్లకు ఏడాదికి మూడుసార్లు వెళుతున్నాను. వాళ్లు నన్ను చీల్చే పంతులుగారు అంటారు. మొదట్లో ఉలిక్కిపడేవాణ్ని, అలవాటైంది.

ఆ వైపు వెళ్లదలిచినవారికి ఒక్క సలహా. వేసవిలో కాలువలు కట్టేస్తారు, అందుకని ఫాల్గుణం దాటకుండా వెళ్లండి. పడవలో ముందుగా ఏ సామాను పంపినా అది ఏమిటో, ఎందుకో సరంగుకు నోటితో చెప్పి పంపండి, పసుపు మాత్రం రాయకండి.

ఇది రాస్తుండగా మొన్న ధవళేశ్వరం నుంచి కబురొస్తే రేవుకు వెళ్లాను. ఆ చిన్న మడి గడ కట్టిందని, కొసలు నరికి తోటంతా నాటారని, మిగిలిన మొదళ్లు పెనంలో పోశారని పెంటయ్య చెప్పాడు. పెనం కోసం మళ్లీ వచ్చిన వర్తకుణ్ని బెల్లం పెట్టి పంపేశారట, కోళ్లకు వేరే పాక కట్టారట. పడవలోంచి తాటాకు బుట్ట ఒకటి దించి నా ముందు పెట్టాడు. అందులో ఇరవై ఒక్క బెల్లం అచ్చులు, బంగారు రంగువి, ప్రతి అచ్చు మీదా ఇంత పసుపు బొట్టు.

"మంగమ్మ గారు మరీమరీ చెప్పమన్నారండి బాబుగారూ," అన్నాడు పెంటయ్య, నవ్వు ఆపుకోలేక. "ఇది నాటేది కాదంటండి. తినేసెయ్యమన్నారు."